అమ్మ మొక్కుకుంది, చెల్లించాల్సింది నేనా?

ఈసారి ఉత్తరం రాసిన అమ్మాయి తన పేరు, ఊరు బయటికి రాకూడదని అడిగింది కాబట్టి ఇంతవరకే చెప్తాను. వయసు 26. పల్నాడులో ఒక పల్లె, తాతల కాలం నుంచి కతోలికులైన కుటుంబం. బీఎస్సీ నర్సింగ్ చదివి విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తోంది. ఉత్తరం కొంత నైట్ డ్యూటీలో, కొంత బస్సులో రాసినట్టుంది, రెండుచోట్ల వాక్యం సగంలోనే ఆగిపోయింది. అందులో ఉన్నది నా మాటల్లో చెప్తాను.

నాలుగేళ్ల వయసులో ఆమెకు మెదడువాపు జ్వరం వచ్చింది. మూడు రోజులు కళ్లు తెరవలేదు. వాళ్లమ్మ ఆసుపత్రి నుంచి నేరుగా గుణదల వెళ్లి, చెప్పుల్లేకుండా కొండెక్కి, "ఈ పిల్లను బతికిస్తే నీకే ఇచ్చేస్తాను తల్లీ" అని మరియమ్మ ముందు మొక్కుకుంది. పిల్ల బతికింది. అప్పట్నుంచి చుట్టాలంతా ఆమెను "మఠానికిచ్చిన పిల్ల" అనే పిలిచారు. టెన్త్ అయ్యాక పంపుదామనుకున్నారు, నర్సింగ్ సీటు వచ్చిందని ఆపారు, ఆ తర్వాత చదువు అప్పు తీరాక అన్నారు. ఇప్పుడు అప్పు ఇంకో లక్షా ఎనభై వేలు మిగిలి ఉండగానే రెండు విషయాలు ఒకేసారి ముందుకొచ్చాయి. ఖమ్మం వైపు నుంచి పిన్ని ఒక సంబంధం తెచ్చింది, అబ్బాయి ల్యాబ్ టెక్నీషియన్, వాళ్లదీ ఆర్‌సీఎం, అంటే కతోలిక కుటుంబమే, పిన్ని ఇంట్లో అరగంట మాట్లాడుకున్నారు, నచ్చాడు. ఆ మాట రాసి వెంటనే "నచ్చడం తప్పా అక్కా?" అని కూడా రాసింది. ఇంకోపక్క, నెలకు రెండుసార్లు దగ్గర్లో ఉన్న కాన్వెంట్‌లో వయసుమళ్లిన సిస్టర్లకు బీపీ చూసి ఇంజెక్షన్లు చేసి వస్తుంది, అక్కడ ప్రార్థన గదిలో పది నిమిషాలు కూర్చుంటే గుండెల మీద బరువు దిగినట్టు ఉంటుందట. ఆ సిస్టర్లు మేలో జరిగే వొకేషన్ క్యాంప్‌కు, అంటే మఠం జీవితం ఎలా ఉంటుందో చూపించే శిబిరానికి, పది రోజులు వచ్చి చూడమన్నారు.

సంబంధం మాట వినగానే వాళ్లమ్మ ఒక పూట అన్నం మానేసింది. కొడుక్కి ఉద్యోగం రాకపోవడం, మిరప పోవడం, భర్తకు షుగర్ రావడం, అన్నీ మొక్కు తీర్చనందుకేనని ఆమె నమ్మకం. నాన్న ఏమీ మాట్లాడడు. వీటన్నిటికీ తోడు రెండేళ్లుగా ఈ అమ్మాయికి ప్రార్థన రావట్లేదు. జపమాల చేతిలోకి తీసుకుంటే మూడో రహస్యం, అంటే మూడో పది పూసల వరస, దాటేలోపే నిద్ర. ప్రార్థన కూటంలో ఒక పెద్దావిడతో చెప్పుకుంటే, "నువ్వు యోనాలాగా పిలుపు నుంచి పారిపోతున్నావు, అందుకే దేవుడు నీకు ముఖం చాటేశాడు" అందట. అమ్మ మొక్కు నన్ను కట్టేస్తుందా, నా ప్రార్థన ఎండిపోవడం దేవుడి కోపమా, అసలు నాకు పిలుపు ఉందో లేదో ఎలా తెలుస్తుంది అని అడిగింది.

చెల్లీ, మొదటి ప్రశ్న ఉత్తరంలో మూడుసార్లు అడిగావు కాబట్టి దానికి ముందే సూటిగా చెప్తాను. లేదు, అమ్మ మొక్కు నిన్ను కట్టేయదు. ఇది నీ మీద జాలితో చెప్తున్న మాట కాదు. 1983లో వచ్చిన శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో, కేనన్ లా అంటారే, అందులో 1193వ నియమం ఒక్క వాక్యమే: మొక్కు దాని స్వభావం చేతనే మొక్కుకున్న మనిషిని మాత్రమే బంధిస్తుంది. మీ అమ్మ తన తలనీలాలు ఇస్తానని మొక్కుకోవచ్చు, తన ఉపవాసం, తన కూలి డబ్బు, తన కాళ్లతో ఎక్కే మెట్లు మొక్కుకోవచ్చు. ఇంకో మనిషి జీవితాన్ని మొక్కుకుంటే అది కోరిక అవుతుంది, ప్రార్థన అవుతుంది, ఎంతో ప్రేమతో చేసిన ప్రార్థనే అవుతుంది, కానీ నీ మీద అప్పు మాత్రం అవదు.

అదే చట్టంలో 219వ నియమం ఇంకా ముందుకు వెళ్తుంది. ఏ జీవితాంతస్తును ఎంచుకోవాలనే విషయంలో ఎవరి బలవంతమూ లేకుండా ఉండటం ప్రతి విశ్వాసి హక్కు అంటుంది. హక్కు అనే మాటే వాడింది, గమనించు. బలవంతంతోనో తీవ్రమైన భయంతోనో నోవీషియేట్‌లో, అంటే మాటపట్టుకు ముందు మఠంలో ఉండే శిక్షణ కాలంలో, చేరితే ఆ చేరికే చెల్లదని 643వ నియమం. సిస్టర్‌గా వ్రతాలు తీసుకునే ఆ మాటపట్టుకీ అదే షరతు, పెళ్లికీ అదే షరతు. నీ భయం చట్టం చెప్పే తీవ్రమైన భయమా కాదా అని నేను తేల్చలేను, కానీ ఇన్నిచోట్ల శ్రీసభ ఇంత జాగ్రత్త పడిందంటే, భయంతో వచ్చేవాళ్లు దానికి అక్కర్లేదని మాత్రం నీకు అర్థం కావాలి. కాళ్లూ చేతులూ కట్టి తెచ్చిన పిల్లను దేవుడు మాత్రం ఏం చేసుకుంటాడు?

ఇప్పుడు అమ్మ గురించి. ఆవిడ మీద నీకు కోపం ఉంది, ఉత్తరంలో దాచుకున్నావు గానీ తెలిసిపోతోంది, ఉండటం సహజమే. కానీ ఆ మొక్కు పుట్టిన చోటుకి ఒకసారి వెళ్లి చూడు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో గుణదల తిరునాళ్లలో మా ఇంట్లోవాళ్లతో కలిసి నేనూ కొండెక్కుతాను. అక్కడ గుహ ముందు నిలబడ్డ తల్లుల్ని చూశాను, ఒక చంకలో గుండు చేయించిన పిల్ల, ఇంకో చేతిలో కొబ్బరికాయ, పెదాలు కదులుతుంటాయి గానీ మాట బయటికి రాదు, వెనకనుంచి జనం తోస్తున్నా కదలరు. మీ అమ్మ వెళ్లిన రోజు తిరునాళ్లు కూడా కాదు, పిల్ల ఆసుపత్రిలో ఉంది, చేతిలో కొబ్బరికాయ కూడా ఉండి ఉండదు. ఇవ్వడానికి తన దగ్గర ఉన్న వాటిల్లో అన్నిటికన్నా విలువైనది నువ్వే, అందుకే నిన్ను ఇచ్చింది. 22 ఏళ్లుగా ఆ మాట మోస్తోంది. ఇప్పుడు నువ్వు "అది చెల్లదు" అంటే ఆవిడకి వినబడేది "నీ ప్రార్థన చెల్లదు" అని. అందుకే నియమం నంబరు పట్టుకుని ఇంటికి వెళ్లి వాదించొద్దు, అది నీ మనసు నిలబడటానికి చెప్పాను.

మరి ఏం చేయాలంటే, మీ విచారణ గురువుల (మీ ఊరి గుడి చూసుకునే ఫాదర్) దగ్గరకు అమ్మను వెంటబెట్టుకుని వెళ్లు, లేదా నువ్వు ముందు ఒక్కదానివే వెళ్లి సంగతంతా చెప్పి, తర్వాత అమ్మను తీసుకెళ్లు. చాలామందికి తెలియని సంగతి ఏంటంటే, సొంతంగా చేసుకున్న మొక్కు నుంచి న్యాయమైన కారణం ఉంటే విడుదల ఇచ్చే అధికారం విచారణ గురువులకే ఉంది, పీఠాధిపతుల (బిషప్) దాకా వెళ్లక్కర్లేదు. మొక్కును అంతే మంచిదైన ఇంకో పనికి మార్చుకునే వీలు మొక్కుకున్న మనిషికే ఉంది, తేలికైన పనికి మార్చాలంటే మాత్రం గురువులు మార్చాలి. 1196, 1197 నియమాలు ఇవే. "నా కూతురు కాదు, నేను చెల్లిస్తాను" అని మీ అమ్మ అనుకోగలిగితే, ఊళ్లో మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వారానికోసారి వెళ్లి జపమాల చెప్పడమో, పేదింటి పిల్ల ఎవరికైనా చదువుకి సాయం చేయడమో, అలాంటిదేదో ఆవిడే ఎంచుకోవచ్చు. నువ్వు పది గంటలు చెప్పినా దిగని భారం ఫాదర్‌గారు తలమీద చెయ్యి పెట్టి ఒక్క మాట చెప్తే దిగిపోవచ్చు. ఇది అబద్ధపు ఓదార్పు కాదు, నిజంగా ఆయనకున్న అధికారం. ఒకవేళ ఆయనే "అమ్మ మాట విని మఠానికి వెళ్లిపోమ్మా" అంటే? అలా అనే ఫాదర్లూ ఉన్నారు. అప్పుడు పాపసంకీర్తనానికి (పాపాలు ఒప్పుకోవడానికి) ఇంకో గురువు దగ్గరకు వెళ్లు, విజయవాడలో గుళ్లకు కొదవలేదు.

అమ్మ బహుశా బైబిల్లోని హన్నా కథ ఎత్తుతుంది. మొక్కుకున్న తల్లులందరికీ హన్నానే ఆదర్శం, బిడ్డ పుడితే నీకే ఇస్తానంది, పాలు మాన్పించాక షిలో గుళ్లో యాజకుడు ఏలీ దగ్గర వదిలి వచ్చింది. కథ అక్కడితో ఆపితే అమ్మదే గెలుపు. కానీ తర్వాతి అధ్యాయాల్లో ఏం జరిగిందో అమ్మతో కూర్చుని చదువు. గుళ్లోనే పెరుగుతున్నా ఆ బిడ్డ సమూవేలుకు అప్పటికి ప్రభువు తెలియదని అక్కడ రాసి ఉంది. రాత్రిపూట పేరు పెట్టి పిలుపు వచ్చింది, వాడు మూడుసార్లు ఏలీ దగ్గరకే పరుగెత్తాడు, మూడోసారికి ఆ ముసలాయనకే అర్థమై, మళ్లీ పిలిస్తే ఏమనాలో చెప్పి పంపాడు. అంటే తల్లి ఇచ్చేసినా దేవుడు ఊరుకోలేదు, ఆ పిల్లవాడిని విడిగా, వాడి పేరుతో పిలిచాడు, వాడి నోటితోనే జవాబు విన్నాడు. హన్నా ఇచ్చింది నిజమే, "వింటున్నాను" అన్నది మాత్రం సమూవేలు.

ఇక తమ్ముడి ఉద్యోగం, మిరప, షుగర్. మీ జిల్లాలో నల్లతామర పురుగుకు మిరప పోగొట్టుకున్న రైతులు ఎంతమందో నీకు నాకన్నా బాగా తెలుసు. పుట్టుగుడ్డివాణ్ని చూసి "ఎవరు చేసిన పాపం, వీడా వీడి తల్లిదండ్రులా" అని శిష్యులు అడిగితే ప్రభువు ఇద్దరూ కాదన్నాడు. ఒక్క విషయం మాత్రం నువ్వే చేయగలవు, నర్సువి కదా, నాన్నకు షుగర్ ఎందుకొస్తుందో అమ్మకు కూర్చోబెట్టి చెప్పు. అది శాపం కాదని నీ చదువు నుంచి చెప్తే ఇంకొంచెం ఎక్కుతుంది.

రెండో ప్రశ్న, ప్రార్థన. ఆ పెద్దావిడ మాట చదివి నాకు బాధేసింది. ఆవిడ మంచి ఉద్దేశంతోనే అని ఉండొచ్చు, కానీ ఆవిడ అడగాల్సిన మొదటి ప్రశ్న అడగలేదు: నువ్వు రోజుకు ఎన్ని గంటలు నిద్రపోతున్నావు? నెలలో పదిహేను నైట్లు, రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది, హాస్టల్‌కి వచ్చి స్నానం చేసి తినేసరికి పది, పక్క గదిలో టీవీ, మధ్యాహ్నం వేడి. ఇవన్నీ నువ్వే రాశావు, రాసి, ఆ కింద లైన్లోనే "నాలో విశ్వాసం చచ్చిపోయిందేమో" అన్నావు. ఒక పేషెంట్ ఇవే లక్షణాలు చెప్తే నువ్వు చార్ట్‌లో విశ్వాసం తగ్గిందని రాయవు కదా.

లిసియు తెరేసా, మనం చిన్న తెరేసమ్మ అంటాం, 1888లో 15 ఏళ్లకే మఠంలో చేరింది, 24 ఏళ్లకు చనిపోయింది, 1997లో శ్రీసభ ఆమెను వేదపండితురాలిగా, అంటే విశ్వాసం బోధించే గురువుల్లో ఒకరిగా, ప్రకటించింది. ఆ తల్లి ధ్యానం వేళల్లో, సత్ప్రసాదం తీసుకున్న తర్వాత కూడా ఏళ్ల తరబడి నిద్రపోయేది. దానికి బాధపడాలేమో కానీ బాధపడట్లేదని తనే రాసుకుంది. పిల్లలు నిద్రపోతున్నా మెలకువగా ఉన్నా తల్లిదండ్రులకు ఒకటే ముద్దు, పైగా డాక్టర్లు ఆపరేషన్ చేసేటప్పుడు రోగిని నిద్రపుచ్చే చేస్తారు కదా అంది. ఆపరేషన్ థియేటర్ చూసిన నీకు ఈ మాట ఇంకొంచెం దగ్గరగా తగలాలి.

అలసట కాకుండా నిజంగానే లోపల ఎండిపోయినట్టు ఉండటం కూడా ఉంటుంది. సెలవు రోజు, బాగా నిద్రపోయి లేచిన రోజు కూడా అలాగే ఉంటోందా చూడు. ఉన్నా సరే, దాన్ని శిక్ష అనుకోవద్దు. మదర్ తెరేసా ఏళ్ల తరబడి ఆ చీకట్లోనే ఉండి పనిచేశారు. ప్రార్థనలో తీపి ఉందా లేదా అనేది దేవుడు దగ్గరున్నాడా లేదా అని చెప్పే థర్మామీటర్ కాదు. మఠానికి వెళ్లాలా వద్దా అని చెప్పే సూచన అంతకన్నా కాదు.

చేయగలిగింది చేయి, చేయలేనిది వదులు. నైట్ ఉన్న రోజుల్లో యాభై పూసలూ తిప్పాలని పెట్టుకోవద్దు. ఒక్క రహస్యం, పది మంగళవార్త జపాలు, నాలుగు నిమిషాలు పడుతుంది, డ్యూటీకి వెళ్లేముందు యూనిఫాం వేసుకుని చెప్పుకో. పొద్దున ఆరింటికి వార్డులో టెంపరేచర్లు, బీపీలు చూసే వేళ కదా, అదే ఊళ్లో త్రికాల జపం గంట కొట్టే వేళ. మీ ఊళ్లో గంట వినబడగానే చేతిలో పని ఆపి నిలబడే ముసలివాళ్లు ఉండే ఉంటారు. నువ్వు పని ఆపక్కర్లేదు, మొదటి పేషెంట్ మంచం దగ్గరకు వెళ్లేలోపు "ఇదిగో ప్రభువు దాసిని" అన్న మరియమ్మ మాట ఒక్కటి లోపల అనుకుంటే చాలు. డ్యూటీ దిగి పడుకునే ముందు ఆత్మపరిశోధన, దాన్ని పాపాల లెక్కలా చేయొద్దు, ఆ రాత్రి ఏ మంచం దగ్గర నీకు దేవుడు కనిపించాడు, ఎక్కడ విసుక్కున్నావు, రెండు గుర్తుచేసుకుని సిలువ గుర్తు వేసుకుని పడుకో. ఆదివారం డ్యూటీ పడి పూజ తప్పితే గిల్టీగా ఉంటోందన్నావు. రోగుల దగ్గర తప్పనిసరిగా ఉండాల్సినవాళ్లకు అది పాపం కాదు, శనివారం సాయంత్రం పూజకు వెళ్లినా ఆదివారం బాధ్యత తీరినట్టే, రోస్టర్ చూసుకుని ఏది కుదిరితే అది.

మూడో ప్రశ్న పెద్దది. పిలుపు ఉందో లేదో ఎలా తెలుస్తుంది.

ముందు ఒక అపోహ తీసేయాలి. మన ఊళ్లలో "పిలుపు" అంటే సిస్టరో ఫాదరో అవడమే, మిగతావాళ్లు పిలుపు రాక మిగిలిపోయినవాళ్లు అన్నట్టు మాట్లాడతాం. 1964లోనే కతోలిక పీఠాధిపతుల రెండో వాటికన్ మహాసభ, పవిత్రతకు పిలుపు అందరికీ ఉందని ఒక అధ్యాయమంతా రాసింది. చిన్న తెరేసమ్మ అమ్మానాన్నల కథ నీకు తెలుసో లేదో. నాన్న లూయీ కుర్రతనంలో సన్యాస మఠంలో చేరబోతే లాటిన్ రాదని వెనక్కి పంపారు. అమ్మ జెలీ సిస్టర్ అవ్వాలని వెళ్తే అక్కడి మదర్ వద్దన్నారు. ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు, తొమ్మిదిమంది పిల్లలు పుట్టారు, నలుగురు చిన్నప్పుడే పోయారు, లూయీ గడియారాల షాపు నడిపాడు, జెలీ లేసు అల్లించి అమ్మింది. 2015లో ఇద్దరినీ కలిపి ఒకేరోజు పునీతులుగా ప్రకటించారు. మఠం వద్దన్నవాళ్లే పునీతులయ్యారు. కాబట్టి ఖమ్మం అబ్బాయి నచ్చడం తప్పా అని ఇంకెప్పుడూ అడగొద్దు చెల్లీ.

యేసు సభను స్థాపించిన పునీతుడు లొయోలా ఇగ్నేషియస్ గారి పద్ధతి ఒకటి చెప్తాను, నాకు పనికొచ్చింది. 1521లో యుద్ధంలో కాలికి ఫిరంగి గుండు తగిలి, నెలల తరబడి మంచంలో ఉన్నాడాయన. ఒక పేషెంటే అనుకో. పొద్దుపోక కాసేపు తను గొప్ప వీరుడై ఒక దొరసాని మెప్పు పొందినట్టు ఊహించుకునేవాడు, కాసేపు పునీతుల్లా బతికినట్టు ఊహించుకునేవాడు. రెండూ ఊహిస్తున్నంతసేపు హాయిగానే ఉండేవి. కానీ మొదటిది అయిపోయాక లోపల ఖాళీగా, చిరాగ్గా ఉండేది, రెండోది అయిపోయాక కూడా ఆ హాయి నిలిచేది. ఆ తేడా పట్టుకుని ఆయన తన దారి వెతుక్కున్నాడు. నువ్వూ ఒక నెల చేసి చూడు. ఒకరోజు నిన్ను నువ్వు సిస్టర్‌గా ఊహించుకో, ఫొటోలో సిస్టర్‌లా కాదు, నలుగురితో ఒకే ఇంట్లో, మదర్ చెప్పిన చోటికి బదిలీపై వెళ్తూ. ఇంకోరోజు భార్యగా ఊహించుకో, పెళ్లి చీరలో కాదు, జ్వరంతో ఉన్న పిల్లను భుజాన వేసుకుని డ్యూటీకి సెలవు దొరకని రోజున. ఊహ అయిపోయాక గంటకి, మర్నాటికి లోపల ఏం మిగిలిందో రెండు లైన్లు రాసిపెట్టుకో. అమ్మ ముఖం గుర్తొచ్చి కలిగిన భయాన్ని లెక్కలోకి తీసుకోవద్దు, అది వేరే గళ్లో రాయి.

కాన్వెంట్ ప్రార్థన గదిలో నీకు దొరికే ఆ తేలిక నిజమైనదే. కానీ అది పిలుపు కావచ్చు, లేదా రెండు రాత్రుల తర్వాత ఫ్యాన్ కింద నిశ్శబ్దంగా కూర్చునే పది నిమిషాలు కావచ్చు. రెండూ దేవుడిచ్చినవే గానీ రెండిటికీ జవాబు ఒకటి కాదు.

ఇక నీ ముందున్న దారులు. మే క్యాంప్‌కు వెళ్లడంలో తప్పులేదు, వెళ్లి చూసినంత మాత్రాన చేరినట్టు కాదు, ఆ మాట నువ్వు ముందే సిస్టర్లకు, మరీ ముఖ్యంగా అమ్మకు చెప్పి వెళ్లాలి, లేకపోతే నువ్వు బ్యాగ్ సర్దుకోగానే ఊరంతా చాటింపు అయిపోతుంది. అక్కడ బాగా నచ్చి చేరాలనుకుంటే కొన్ని విషయాలు తెలుసుకునే చేరు. నోవీషియేట్ కనీసం ఏడాది, అంతకుముందు శిక్షణ వేరే. తర్వాత తాత్కాలిక మాటపట్టు మూడేళ్లకు తగ్గదు. నిత్య మాటపట్టు దాకా చాలా ఏళ్లు పడుతుంది, నోవీషియేట్‌లో ఉన్నవాళ్లు ఎప్పుడైనా స్వేచ్ఛగా వచ్చేయొచ్చు. మాటపట్టు తర్వాత నీ జీతం నువ్వు చేరిన సిస్టర్ల సభకే చెందుతుంది, ఇంటికి పంపడం ఉండదు. తమ్ముడి మీద, నాన్న మందుల మీద ఆ ప్రభావం ఎంతో ఇప్పుడే లెక్క చూసుకో. ఇంకొకటి, తీర్చలేని అప్పులున్నవాళ్లను నోవీషియేట్‌లో చేర్చుకోవద్దని చట్టంలోనే ఉంది కాబట్టి నీ లక్షా ఎనభై వేల సంగతి మొదటిరోజే చెప్పాలి. కొన్ని సభలు వయసు కూడా చూస్తాయి, అదీ అడుగు.

ఖమ్మం సంబంధానికి సరే అనేలా ఉంటే, అమ్మ నుంచి తప్పించుకోవడానికి మాత్రం అనొద్దు. అలా చేసుకున్న పెళ్లిలో మొదటి గొడవకే "మొక్కు తప్పినందుకే ఇలా అయింది" అనే మాట నీ నోటినుంచే వస్తుంది. ఆ అబ్బాయికి ఈ మొక్కు కథ మొత్తం చెప్పు. విని నవ్వేస్తాడా, భయపడతాడా, ఓపిగ్గా వింటాడా, దాంతోనే అతని గురించి చాలా తెలుస్తుంది. నువ్వు డ్యూటీ నుంచి వచ్చి పడుకుంటే తనే వంట చేసుకుంటాడా, ఇంట్లో సాయంత్రం ప్రార్థన ఉందా, ఇవీ అడుగు. ఏదీ తేల్చుకోకుండా ఆర్నెల్లు అతన్ని ఆశలో ఉంచడం మాత్రం అన్యాయం, నాకు ఇంత టైం కావాలని ఒక తేదీ చెప్పేసెయ్, ఆగలేనంటే అతన్ని వెళ్లనివ్వు.

మూడో దారి గురించి నువ్వు రాయనే లేదు. ఒక ఏడాది ఏ నిర్ణయమూ తీసుకోకుండా, అప్పు తీర్చుకుంటూ, నైట్లు తగ్గే వార్డుకి మార్చమని అడిగి, నెలకోసారి ఒక గురువు దగ్గరో అనుభవమున్న సిస్టర్ దగ్గరో కూర్చుని మాట్లాడుతూ ఉండొచ్చు. దీనివల్ల సంబంధం చేజారొచ్చు, ఇంట్లో సాధింపులు ఇంకో ఏడాది సాగొచ్చు, అది నిజం. కానీ నిద్రలేక, భయంతో, ఎండిపోయిన మనసుతో ఉన్నప్పుడు పెద్ద నిర్ణయాలు తీసుకోవద్దని ఇగ్నేషియస్ గారిలాంటి పెద్దలు ఊరికే అనలేదు. నా మనసు దీనివైపే కొంచెం మొగ్గుతోంది, దాచను, అయినా నీ జీవితం గురించి నాకు తెలిసింది ఒక ఉత్తరమంతే.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా పుస్తకాల్లోంచి చెప్తున్నట్టు ఉంటుంది. నేను 18 ఏళ్లకు మఠంలో చేరాను, మా ఊరి నుంచి అప్పటిదాకా ఎవరూ వెళ్లలేదని అందరూ సంబరపడ్డారు, ఆ సంబరం చూసి వెళ్లాను. నోవీషియేట్ మధ్యలో తిరిగొచ్చాను. మా అమ్మ రెండు నెలలు గుడికి రాలేదు, నలుగురిలో తలెత్తుకోలేనంది. నేను కూడా దేవుడి మాట కాదన్నానేమో అని ఏళ్లపాటు కుమిలిపోయాను. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. మఠంలో తెల్లవారుజామున లేచి కీర్తన చదివే అలవాటు నాతోనే వచ్చింది, ఇప్పటికీ పాలు పొంగేలోపు ఒక కీర్తన చదువుతాను, పాలు పొంగిపోయిన రోజులు కూడా ఉన్నాయి. మా అమ్మ ఆఖరి రోజుల్లో మంచంలో ఉన్నప్పుడు ఆ కీర్తనలే చదివించుకుంది. వాటిని ఎక్కడ నేర్చుకున్నావని మాత్రం అడగలేదు.

అందుకే మీ అమ్మ మెత్తబడదని ఇప్పుడే అనుకోకు. ఫాదర్‌గారి దగ్గరకు వెళ్లేముందు ఒకసారి నువ్వే మాట్లాడు, కానీ నైట్ డ్యూటీ దిగి బస్సెక్కి వచ్చిన పొద్దున మాత్రం వద్దు, ఆ అలసటలో నోరు జారుతుంది. తిని, పడుకుని లే. అమ్మ సాయంత్రం కూలికి మిరప తొడిమలు తీస్తూ కూర్చుంటుందన్నావు కదా, వెళ్లి పక్కన కూర్చుని నువ్వూ తియ్. మఠం, సంబంధం ఊసెత్తకుండా ముందు ఆ రోజు గురించి అడుగు, కొండ ఎక్కినప్పుడు ఎలా ఉంది, ఏమని మొక్కుకున్నావ్, కిందికి దిగి ఆసుపత్రికి వచ్చేసరికి నేను ఎలా ఉన్నాను అని. నీకు ఇన్నేళ్లుగా చుట్టాల ద్వారా తెలిసిన ఆ కథను ఆవిడ నోటితో మొదటినుంచి చివరిదాకా చెప్పనివ్వు, మధ్యలో ఆగి ఏడ్చినా చెప్పనివ్వు. నీ మాట ఆ తర్వాత, ఇంకో రోజు చెప్పినా ఫరవాలేదు.